మన తర్వాత ఈ చెట్లకు నీళ్ళెవరు పోస్తారు?
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల గురించి, వైద్య బిల్లుల గురించి నాకంటే ముందు మాట్లాడిన మిత్రులు చెప్పవలసినదంతా చెప్పారు. కార్యదర్శిగారు నన్ను పిలిచి, "మీ చిన్న చెట్ల గురించి ఒక ఇరవై నిమిషాలు చెప్పండి, భోజనాల ముందు మనవాళ్ళు కాస్త తేలికపడతారు" అన్నారు. ఆ హామీ మాత్రం నేను ఇవ్వలేను. నేను చెప్పబోయే దాంట్లో ఒక చావు ఉంది. అది నా చేతిమీదుగా జరిగింది.

నేను 2006లో రిటైరయ్యాను. లెక్కల విభాగంలో ముప్పై నాలుగేళ్ళు పనిచేసిన మనిషికి ఒక్కసారిగా ఫైళ్ళు లేకపోతే ఏమవుతుందో మీలో చాలామందికి అనుభవమే. మొదటి మూడు నెలలు ఇంట్లో పప్పు డబ్బాలు, పాలవాడి లెక్క, గ్యాస్ బండ తేదీలు ఆడిట్ చేశాను. నాలుగో నెలలో మా ఆవిడ ఆ ఆడిట్‌కు అభ్యంతరం తెలిపి, "ఊళ్ళో పూల ప్రదర్శన పెట్టారట, వెళ్ళి సాయంత్రం దాకా రాకండి" అని పంపించింది. అక్కడ ఒక బల్ల మీద, రెండంగుళాల లోతు కూడా లేని పళ్ళెం లాంటి తొట్టిలో, అడుగున్నర ఎత్తు చింతచెట్టు చూశాను. మొక్క కాదు, చెట్టు. బెరడు పగిలి ఉంది, కొమ్మలు నలుదిక్కులా చాచుకుని ఉన్నాయి. మా ఊరి చెరువుగట్టు మీది చింతచెట్టును అరచేతిలో పెట్టినట్టనిపించింది. దాని వెనుక కుర్చీలో మన వయసుకంటే పదేళ్ళు పెద్దాయన, వ్యవసాయ శాఖలో పనిచేసి రిటైరైన మనిషి, తడిగుడ్డతో తొట్టి అంచులు తుడుస్తున్నారు. ఆయనతో మొదలైంది నా బోన్సాయ్.

ఈ మాట జపాన్‌వారిది. 'బొన్' అంటే పళ్ళెం వంటి తొట్టి, 'సాయ్' అంటే నాటడం. విద్య మాత్రం చైనాలో పుట్టి జపాన్ చేరింది. నన్ను ఎక్కడికి వెళ్ళినా మూడు ప్రశ్నలు అడుగుతారు కాబట్టి ముందే జవాబు చెప్పేస్తాను. చెట్టును తిండి పెట్టకుండా ఎండగట్టి పొట్టిగా చేస్తారా? లేదు, దానికి నీళ్ళు, ఎరువు, ఎండ మన పిల్లలకంటే వేళ తప్పకుండా అందుతాయి. వేళ్ళు, కొమ్మలు కత్తిరించి ఆకారంలో ఉంచుతాం, అంతే. పాపం కాదా? గోళ్ళు, జుట్టు కత్తిరించుకోవడం పాపమైతే ఇదీ పాపమే. సరిగా చూసుకుంటే తొట్టిలోని చెట్టు మనకంటే ఎక్కువ కాలం బతుకుతుంది. వాస్తు ప్రకారం ఇంట్లో ఉండకూడదంటారే? అసలు బోన్సాయ్ ఇంట్లో ఉండే వస్తువే కాదు. డాబా మీదో పెరట్లోనో వెలుతురులో ఉండాలి. టీవీ పక్కన పెడితే చస్తుంది, వాస్తు బాగున్నా చస్తుంది.

ఆ పెద్దాయన ద్వారా మా బృందంలో చేరాను. పేరూ, రిజిస్ట్రేషనూ లేని బృందం. పది పన్నెండు మందిమి, ప్రతినెలా రెండో ఆదివారం ఉదయం ఎవరో ఒకరి డాబా మీద కలుస్తాం. ఒక రిటైర్డ్ హెడ్మాస్టరుగారు, ఒక డాక్టరమ్మగారు, రైల్వేలో గార్డుగా చేసినాయన, ఇద్దరు ముగ్గురు గృహిణులు. ఉన్నమాట చెప్పాలంటే మాలో అందరికంటే మంచి చెయ్యి ఒక గృహిణిది. ఆవిడ ఏనాడూ ప్రదర్శనకు పెట్టలేదు. ప్రదర్శనల్లో బహుమతుల గొడవలు కూడా చూశాను లెండి. పోటీకి వారం ముందు నర్సరీలో కొన్న చెట్టుకు తన పేరు తగిలించుకుని కప్పు పట్టుకుపోయిన వారున్నారు. వారి సంగతి వదిలేద్దాం.

అనుభవం ఉన్నవారి దగ్గర కూర్చుంటే ఏమి నేర్చుకోవచ్చో నాకు అక్కడే తెలిసింది. మర్రి, రావి, జువ్వి మన వాతావరణానికి ఎంత తట్టుకుంటాయో, వేళ్ళు మూడోవంతు కోసినా తొలకరి సమయంలో అయితే ఎలా లేచి నిలబడతాయో కళ్ళారా చూశాను. చింతకు సహజంగానే ఆకులు చిన్నవి కాబట్టి పొట్టి చెట్టుకు ఎబ్బెట్టుగా ఉండవని, మామిడికి ఆకులు పెద్దవి కాబట్టి ఆ ముచ్చట తీరదని చెప్పారు. కొమ్మకు అల్యూమినియం తీగ చుట్టి వంచితే, వానాకాలంలో మర్రికొమ్మ లావెక్కి రెండు మూడు నెలల్లోనే తీగ బెరడులోకి దిగబడుతుంది. ఆ మచ్చ ఏళ్ళ తరబడి పోదు. "తీగ చుట్టిన తేదీ మరిచినవాడు చుట్టడం మానుకోవాలి" అనేవారు పెద్దాయన. నీళ్ళు అవసరమా కాదా అని తెలుసుకోవడానికి మట్టిలో చీపురుపుల్ల గుచ్చి తీసి చూసేవారు. కొన్నేళ్ళ తర్వాత పుల్ల కూడా మానేసి తొట్టిని ఒక చేత్తో కాస్త ఎత్తి, బరువునుబట్టి చెప్పేసేవారు. ఎలా తెలుస్తుందండీ అంటే నవ్వేవారు.

ఆ నవ్వుతోనే వచ్చింది చిక్కు. అక్కడికే వస్తున్నాను.

2015 మే నెల మీకందరికీ గుర్తుండే ఉంటుంది. మన రెండు రాష్ట్రాల్లోనూ వడగాడ్పులకు జనం పిట్టల్లా రాలిపోయిన వేసవి. పెద్దాయన కంటి ఆపరేషన్‌కని బెంగుళూరులో కూతురి దగ్గరికి వెళుతూ తన చెట్లు మా బృందంలో నలుగురికి పంచి అప్పగించారు. నా వంతుకు ఐదు వచ్చాయి. అందులో ఆ చింతచెట్టు ఒకటి. 1982లో ఆయన కర్నూలులో ఉద్యోగం చేస్తున్నప్పుడు గింజ వేసి మొలిపించినది. ఆ తర్వాత ఎన్ని బదిలీలయ్యాయో అన్నిసార్లూ సామాను లారీలో కాకుండా, బస్సులో ఆయన ఒళ్ళో కూర్చుని ప్రయాణం చేసింది. మనం ఎరిగిన చాలామంది ఉద్యోగులకంటే దానికి ఎక్కువ సర్వీసుంది.

మూడు వారాలు కంటికి రెప్పలా చూశాను. నాలుగో వారం రాజమండ్రిలో మా బావమరిది షష్టిపూర్తి. మూడు రోజులు వెళ్ళక తప్పలేదు. అపార్టుమెంటు వాచ్‌మన్‌ను పిలిచి, "రోజూ నీళ్ళు పొయ్యి నాయనా, మరిచిపోకు" అని రెండుసార్లు చెప్పి, చేతిలో వంద రూపాయలు పెట్టి వెళ్ళాను. అతను మరిచిపోలేదు. రోజూ పోశాడు. మధ్యాహ్నం ఒంటిగంటకు తన పనులన్నీ అయ్యాక, డాబా మీద ఉదయం నుంచీ ఎండలో పడివున్న రబ్బరు గొట్టంతో పోశాడు. ఆ గొట్టంలో నీళ్ళు ఎంత కాగి ఉంటాయో ఎవరైనా చెయ్యి పెట్టి చూస్తే తెలుస్తుంది. పళ్ళెంలో రెండంగుళాల మట్టి, దాని మీద ఆ వేడినీళ్ళు. సాయంత్రానికి మట్టి మళ్ళీ పెళుసు. పైగా చెట్ల మీది ఆకుపచ్చ వల గాలికి ఊడిపోయింది. అది మళ్ళీ కట్టాలని అతనికెవరు చెప్పారు?

నేను వచ్చేసరికి మర్రి రెండూ ఆకులు రాల్చి నిలబడ్డాయి. అవి తర్వాత తేరుకున్నాయి. చింతచెట్టు మాత్రం ఆకులన్నీ ముడుచుకుని ఉంది. చింతాకులు రాత్రిపూట ముడుచుకుంటాయి కదా, పొద్దున్నే విచ్చుకుంటాయని నాకు నేను చెప్పుకున్నాను. పొద్దున విచ్చుకోలేదు. గోటితో బెరడు గీకి చూశాను, పచ్చదనం లేదు. ఇంకాస్త కింద గీకాను. మొదటిదాకా గీకాను.

పెద్దాయన తిరిగి వచ్చిన రోజు ఆటోలో ఆ తొట్టిని పెట్టుకుని వారింటికి వెళ్ళాను. ముప్పై మూడేళ్ళ చెట్టును ఎండుకట్టెగా తిరిగి ఇవ్వడమంటే ఏమిటో నాకు ఆరోజు తెలిసింది. ఆయన నల్లకళ్ళద్దాలు తీసి చాలాసేపు చూశారు. తిడితే బాగుండుననిపించింది. చివరికి అడిగారు.

"మీరైతే నీళ్ళు ఎప్పుడు పోస్తారండీ?"

"ఉదయం ఆరింటికి, సాయంత్రం ఐదున్నరకు."

"ఆ వేళలు వాచ్‌మన్‌కు చెప్పారా?"

"లేదండీ."

"మీకు నేను చెప్పానా?"

"లేదండీ. మిమ్మల్ని చూసి తెలుసుకున్నాను."

"మరి అతను ఎవర్ని చూశాడు?" అని ఆయన లోపలికి వెళ్ళిపోయారు. వారి శ్రీమతిగారు కాఫీ ఇచ్చారు. ఆ కాఫీ తాగడం నాకు కష్టమైంది.

తరువాతి రెండో ఆదివారం ఆయన అందరి ముందూ ఒక మాటన్నారు. నలభై ఏళ్ళుగా చేతులకు తెలిసినది నోటితో చెప్పకపోవడం, కాగితం మీద పెట్టకపోవడం తన తప్పని అన్నారు. నేను అభ్యంతరం చెప్పాను. హెడ్మాస్టరుగారు మా ఇద్దర్నీ కూర్చోమన్నారు. నేను లెక్కల మనిషిని కాబట్టి అప్పుడు ఒక ప్రతిపాదన పెట్టాను. మనకు సర్వీసు రిజిస్టరు ఉన్నట్టే ప్రతి చెట్టుకూ ఒక రిజిస్టరు తెరుద్దామన్నాను. పుట్టిన తేదీ, ఎవరి దగ్గర్నుంచి వచ్చింది, కుండీ మార్చిన తేదీలు, తీగ చుట్టిన తేదీ, విప్పిన తేదీ, ఏ కాలంలో ఎన్నింటికి నీళ్ళు, ఏ జబ్బు చేసింది, ఏమి మందు వేశాం. అందరూ నవ్వారు గాని ఒప్పుకున్నారు. చివరి పేజీలో ఇంకో గడి పెట్టాలని డాక్టరమ్మగారు అన్నారు. నామినీ గడి. అప్పుడు ఎవరూ నవ్వలేదు.

అయ్యా, పింఛను కాగితాల్లో నామినీ పేరు వ్రాయకపోతే ఏమవుతుందో ఈ సభలో ఉన్నవారికి నేను చెప్పనక్కర్లేదు. పాతిక, ముప్పై ఏళ్ళు పెంచిన చెట్టు విషయంలో మాత్రం మనలో ఒక్కరూ ఆలోచించలేదు. పిల్లలు అమెరికాలోనో, ఫ్లాట్లలోనో. మనం పోయిన పదోరోజుకు డాబా ఖాళీ చెయ్యాలి. పళ్ళెంలో చెట్టు ఒక వేసవి వారం కూడా ఆగదు.

ఆ తర్వాత నేను ఈ విషయమై దొరికినదల్లా చదివాను. మా సమస్య ప్రపంచంలో ఉన్న బోన్సాయ్ వారందరిదీనట. 1923లో టోక్యోను పెద్ద భూకంపం కుదిపేసిన తర్వాత, అక్కడి చెట్ల పెంపకందారులు కొందరు ఊరు విడిచి ఉత్తరాన ఓమియా అనే చోటికి వెళ్ళి, 1925లో ఒక బోన్సాయ్ గ్రామమే కట్టుకున్నారు. అక్కడ ఇల్లు కట్టుకోవాలంటే కట్టుబాట్లుండేవి. కనీసం 10 బోన్సాయ్‌లు ఉండాలి, తోటను వచ్చినవారందరికీ తెరిచి ఉంచాలి, రెండంతస్తుల ఇల్లు కట్టకూడదు, ప్రహరీగోడ బదులు మొక్కల కంచె వెయ్యాలి. పక్కవాడి చెట్టుకు ఎండ అడ్డుకోకూడదన్న బుద్ధి మన అపార్టుమెంటు సంఘాలకు ఎప్పుడొస్తుందో! ఒకప్పుడు ముప్పై దాకా ఉన్న ఆ తోటలు ఇప్పుడు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్నే మిగిలాయి. అయినా ప్రతి మే నెల 3, 4, 5 తేదీల్లో అక్కడ పెద్ద ఉత్సవం జరుగుతుంది. 1989లో ప్రపంచ బోన్సాయ్ స్నేహ సమాఖ్య ఆ ఊళ్ళోనే ఏర్పడింది. దానికి మొదటినుంచీ అండగా నిలిచిన సబురో కటో గారు ఆ గ్రామంలోని పాత తోటల కుటుంబం వారే.

నాకు మరీ నచ్చిన మనిషి జాన్ నాకా. 1914లో అమెరికాలో పుట్టిన జపనీయుడు. ఎనిమిదో ఏట జపాన్‌కు తీసుకువెళితే, అక్కడ తాతగారి దగ్గర ఈ విద్య అబ్బింది. తాతగారి దగ్గర, గమనించండి! తిరిగి అమెరికా వచ్చి, యుద్ధం తర్వాత లాస్ ఏంజిల్స్‌లో స్థిరపడి, 1950లో నలుగురు మిత్రులతో కలిసి బోన్సాయ్ సంఘం పెట్టారు. ఆ విద్య తమవారిలోనే ఉండిపోకుండా, అడిగిన ప్రతివారికీ, ఏ జాతివారైనా సరే నేర్పారు. పుస్తకాలు వ్రాశారు, దేశాలు తిరిగి చూపించారు. ఆయన ఒకే పళ్ళెంలో 11 జూనిపర్ చెట్లతో ఒక అడవి తయారుచేశారు. ఆయనకు 11 మంది మనుమలు, మనుమరాళ్ళు. ఒక్కొక్కరికి ఒక్కో చెట్టు. అయితే ఆ అడవిని వారికి పంచలేదు. 1984లో వాషింగ్టన్‌లో జాతీయ బోన్సాయ్ మ్యూజియం కోసం ఇచ్చేశారు. ఆయన 2004లో పోయారు. అడవి ఇంకా ఉంది.

అదే మ్యూజియంలో ఒక తెల్ల పైన్ చెట్టుంది. 1625 నుంచీ తొట్టిలో పెరుగుతోందని దాని రికార్డు. 1976లో అమెరికా 200 ఏళ్ళ పండుగకు జపాన్ బహూకరించిన 53 బోన్సాయ్‌లలో అదొకటి. ఇచ్చినాయన హిరోషిమాలో ఉండే మసారు యమాకి. ఇచ్చేటప్పుడు ఆయన చెట్టు గురించి ఒక సంగతి చెప్పలేదు. 2001లో ఆయన మనుమలిద్దరు తాతగారి చెట్టును చూడాలని వాషింగ్టన్ వెళ్ళినప్పుడు బయటపడింది. 1945 ఆగస్టు 6న అణుబాంబు పడిన చోటికి సుమారు మూడు కిలోమీటర్ల దూరంలో, వారి తోట గోడ చాటున ఈ చెట్టు ఉండి బతికింది. బాంబు వేసిన దేశానికే ఆ చెట్టును ఇచ్చి, ఆ మాట మాత్రం చెప్పకుండా ఊరుకున్న మనిషి గురించి నేను చాలా రోజులు ఆలోచించాను. మసారు గారి గుండె గొప్పది. లెక్కలవాడిగా మాత్రం నాకు ఒక్కటే ఫిర్యాదు. రిజిస్టరులో వ్రాయవలసిన ఎంట్రీ 25 ఏళ్ళు వ్రాయకుండా ఉండిపోయింది!

ఇంకొకటి చెప్పి మన ఊరికి వస్తాను. 2019 జనవరిలో టోక్యో దగ్గర ఒక తోటలో ఏడు చెట్లు దొంగలెత్తుకుపోయారు. అందులో ఒకటి 400 ఏళ్ళది. ఆ తోట యజమాని భార్య పోలీసుల మాట అటుంచి, ముందు దొంగలకే విన్నపం చేసింది, చెట్టుకు నీళ్ళు పొయ్యమని. ఎలా చూసుకోవాలో కూడా చెప్పింది. ఆ వార్త చదివి మా పెద్దాయన, "చూశారా, దొంగకు కూడా వేళలు చెప్పాలి" అన్నారు. నాలుగేళ్ళ తర్వాత ఆ చింతచెట్టు ఊసు మా ఇద్దరి మధ్యా వచ్చింది అప్పుడే. నా గుండెల మీంచి ఏదో దిగినట్టయింది.

2020లో లాక్‌డౌన్ వచ్చినప్పుడు మా రిజిస్టర్లకు పరీక్ష వచ్చింది. గార్డుగారు దంపతులు పిల్లల దగ్గర పుణెలో చిక్కుకుపోయారు. వారి డాబా మీద 22 చెట్లు. పక్కింటి ఇంటర్ చదివే కుర్రాడు ఆ రిజిస్టరు ముందు పెట్టుకుని, ఫోనులో మాకు చూపిస్తూ రెండు నెలలు నీళ్ళు పోశాడు. ఒక్కటి కూడా పోలేదు. ఆ కుర్రాడు ఇప్పుడు ఉద్యోగం చేసుకుంటూ మా బృందంలో సభ్యుడు. మా సగటు వయసు వాడివల్లే కొంచెం తగ్గింది.

2021 మేలో పెద్దాయన మనల్ని విడిచి వెళ్ళారు. ఆ రోజుల్లో చివరిచూపు కూడా దక్కలేదు. నెల తర్వాత వారి అబ్బాయి ఫోన్ చేసి, "అంకుల్, డాబా మీద నాన్నగారి చెట్లు ఏం చెయ్యమంటారు?" అని అడిగారు. వెళ్ళాం. 41 చెట్లు. 35 చెట్లకు రిజిస్టరులో నామినీ పేరు ఆయన చేతివ్రాతతో ఉంది. మాలో ప్రతి ఒక్కరికీ ఏదో ఒకటి వ్రాశారు. నా పేరున ఒక రావి ఉంది. చింతచెట్టును ఎండబెట్టిన మనిషికి ఆయన మళ్ళీ చెట్టు వ్రాశారు. దాని ఎదురుగా నీళ్ళు పోసే వేళలు ఎర్రసిరాతో, కింద రెండు గీతలు గీసి.

మిగతా ఆరింటికి గడి ఖాళీగా ఉంది. ఎందుకు వదిలేశారో తెలియలేదు. మేము తలా ఒకటి పట్టుకుపోదామనుకుంటుంటే, అంతవరకూ గడపలో నిలబడి చూస్తున్న కోడలుగారు, "ఆ జువ్వి నేను ఉంచుకుంటానండీ. మామయ్యగారు ఆస్పత్రికి వెళ్ళిన దగ్గర్నుంచీ దానికి నేనే పోస్తున్నాను" అంది. మా అందరికీ సిగ్గేసింది. పదిహేనేళ్ళు ఆ ఇంటికి వెళ్ళి ఆవిడ ఇచ్చిన కాఫీలు తాగామేగాని, ఒక్కనాడు కూడా ఆవిడను డాబా మీదికి రమ్మని పిలవలేదు. నామినీ కోసం అమెరికా వైపు చూస్తూ కూర్చుంటాం మనం. ఆవిడ ఇప్పుడు రెండో ఆదివారాలు వస్తోంది. జువ్వికి నిరుడు కుండీ మార్చింది, మాకెవరికీ చెప్పకుండా, సరిగ్గానే.

ఇక మీకు నాలుగు మాటలు. డెబ్బై దాటినవారు పెద్ద తొట్ల జోలికి పోకండి. మట్టి తడిస్తే బరువు పెరుగుతుంది, నడుం పట్టేస్తుంది. జానెడు ఎత్తులోపు చెట్లు చాలు. వాటిని జపాన్‌వారు షొహిన్ అంటారు, వయసు మళ్ళిన పాతకాపులు చాలామంది చివరికి వాటికే దిగుతారు. అయితే తొట్టి చిన్నదైతే త్వరగా ఎండుతుంది, వేసవిలో రోజూ రెండుపూటలా చూడక తప్పదు. మన లైఫ్ సర్టిఫికెట్ ఏడాదికొకసారి, వాటిది పొద్దునా సాయంత్రమూ. ఖర్చు గురించి భయపడకండి. ఎర్రమట్టి, ఇటుక నలుసు, మాగిన పశువుల ఎరువు, ఒక చిన్న కత్తెర. పాత గోడ పగుళ్ళలో మొలిచిన రావి, జువ్వి మొక్కలు ఊరికే దొరుకుతాయి, మున్సిపాలిటీవారు కూడా సంతోషిస్తారు.

హాలు వెనుక, టీ బల్ల పక్కన, కాగితం గ్లాసుల్లో 30 జేడ్ కొమ్మలు పెట్టాను. కోసి నాలుగు రోజులు నీడలో ఆరబెట్టినవి. ఇంటికి తీసుకెళ్ళి ఇసుక కలిపిన మట్టిలో గుచ్చి, వారం పాటు నీళ్ళు పొయ్యకండి. ప్రతి గ్లాసుకూ ఒక చీటీ కట్టాను. కొమ్మ కోసిన తేదీ నేను వ్రాశాను, మిగతా గడులు మీవి. రెండో ఆదివారం ఎవరి డాబా అన్నది కార్యదర్శిగారిని అడిగితే చెబుతారు. ఒంటరిగా మాత్రం రాకండి, ఇంట్లో ఒకర్ని వెంటబెట్టుకుని రండి.